ఓరిన్ ఓక్స్ కప్పు

ఆగస్టు వచ్చిందంటే వెర్లీన్ ఓక్స్‌కి ఒంట్లో ఏదో హడావిడి మొదలయ్యేది. ఊదారంగు గౌను ఇస్త్రీ చేయించుకోవాలి, జుట్టు సెట్ చేయించుకోవాలి, గొంతు పట్టెయ్యకుండా వారం ముందునుంచే ఐసు వేసిన డ్రింకులు మానెయ్యాలి. ఆ నెలలో ఒక శనివారం వార్డు కౌన్సిలర్ వెండెల్ మాబ్రీ పార్కులో యువజనోత్సవం చేసేవాడు. వార్డు పిల్లలకోసం ఏడాది పొడుగునా తనేం చేశాడో జనానికి చూపించుకునే రోజు అది. చిన్నపిల్లలకి స్కూలు బ్యాగులు పంచేవాడు. వేసవిలో పని నేర్చుకున్న కుర్రాళ్ళని స్టేజీమీదికి పిలిచి భుజాలు తట్టేవాడు. ఒక పక్క చేపలు వేగుతుంటే ఇంకో పక్క బాస్కెట్‌బాల్ పోటీలు జరిగేవి. చివర్లో గెలిచిన జట్టుకి కప్పు ఇచ్చేవారు. దాని పేరు ఓరిన్ ఓక్స్ కప్పు.

ఓరిన్ వెర్లీన్ కొడుకు. ఆరేళ్ళ క్రితం అదే పార్కులో, అదే బాస్కెట్‌బాల్ కోర్టు పక్కన, ఎవరో ఎవరినో కాల్చబోతే మధ్యలో పోయాడు. అప్పటికి వాడికి పదహారేళ్ళు.

మాబ్రీ వాణ్ణి బతికుండగా ఎప్పుడూ చూడలేదు. కానీ చర్చిలో శవపెట్టె మూసే వేళకి వచ్చి వెర్లీన్ మోచెయ్యి పట్టుకుని నిలబడ్డాడు. ఆ పట్టు నిజమైనదే. ఆ రోజు అతను పట్టుకోకపోతే ఆమె నేలమీద పడిపోయేది. ఆ వేసవిలోనే అతను కప్పుకి ఓరిన్ పేరు పెట్టి, ఆమెని స్టేజీ ఎక్కించి, మైకు చేతికిచ్చాడు. ఆమె ఏం మాట్లాడాలో తెలియక నోటికొచ్చింది చెప్పింది. పోలీసులు ఓరిన్ బట్టలు సంచిలో పెట్టి ఇచ్చారని, అందులో ఒకే బూటు ఉందని, రెండోది ఈ గడ్డిలోనే ఎక్కడో ఉంటుందని రోజూ వచ్చి వెతుకుతున్నానని. చెప్తూ చెప్తూ ఆగిపోయింది. పార్కు మొత్తం ఏడ్చింది.

మరుసటి ఏడు స్టేజీ ఎక్కే ముందు మాబ్రీ ఆమె చెవి దగ్గరికి వంగి, "బూటు దగ్గర ఆగు అక్కా. పోయిన్సారి ఆగావు చూడు, అట్లా. కన్నీళ్ళొస్తే తుడుచుకోకు, రానీ," అన్నాడు. అలాగే చేసింది. ఆ తర్వాత ఒక పొరుగింటాయన పొదలు కొట్టిస్తుంటే ఆ రెండో బూటు దొరికింది. తెచ్చిచ్చాడు. మాబ్రీకి చెప్తే, "అయ్యో, మంచిదే. స్టేజీమీద మాత్రం ఆ మాట ఎత్తకు," అన్నాడు. ఎత్తలేదు.

ఓరిన్ పోకముందు వెర్లీన్ అంటే ఎవరికీ తెలియదు. ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు మడతపెట్టే మనిషి, మొగుడు వదిలేసిన మనిషి, అంతే. ఇప్పుడు షాపులో బిల్లు కట్టే వరసలో నిలబడితే జనం తప్పుకుని ముందుకు పంపేవారు. స్కూళ్ళకి పిలిచేవారు. చర్చిలో ముందు వరసలో చోటు ఉంచేవారు. కొడుకుని మట్టిలో పెట్టి సంపాదించుకున్న గౌరవం ఇది అని ఆమెకి తెలియక కాదు. తెలిసీ, ఆ ముందు వరసలో కూర్చున్నప్పుడు వెన్ను నిటారుగా అయ్యేది.

ఈ ఏడు జులైలో ఒక మధ్యాహ్నం మాబ్రీ స్వయంగా ఇంటికొచ్చాడు. చేతిలో రేకు కాగితం కప్పిన ప్లేటు. వేయించిన క్యాట్‌ఫిష్, పక్కన స్పఘెట్టి, రెండు ముక్కల తెల్ల బ్రెడ్డు. అతను తినడానికేదైనా పట్టుకొచ్చాడంటే ఏదో అడగబోతున్నాడన్నమాటే.

"కూర్చో అక్కా, తింటూ విను," అన్నాడు, ఆమె ఇంట్లో ఆమెనే కూర్చోమంటూ. "ఈ ఏడు పద్ధతి కాస్త మారుద్దామనుకుంటున్నా."

"ఏ పద్ధతి?"

"ఏప్రిల్లో పోయాడే, ట్రే అని, పదమూడేళ్ళ పిల్లాడు. వాళ్ళమ్మ రెనీటా. ఈ ఏడు కప్పుకి వాడి పేరు పెడుతున్నాం."

వెర్లీన్ చేతిలో ఫోర్కు అక్కడే ఆగిపోయింది. "మా ఓరిన్ పేరు తీసేస్తారా?"

"తీసెయ్యడమేంటక్కా! ఆరేళ్ళు పెట్టాం. ఇంకొకళ్ళకి కూడా అవకాశం ఇవ్వాలి కదా."

అవకాశం. ఆ మాట ఎంత మామూలుగా అన్నాడంటే, ఆమె ఒక్క క్షణం నిజంగానే ఏదో ఉద్యోగం గురించి మాట్లాడుతున్నాడనుకుంది.

"నన్ను మాట్లాడొద్దంటున్నారా?"

మాబ్రీ ఆమె ప్లేటులోంచి చేప ముక్క ఒకటి తీసుకుని నోట్లో వేసుకున్నాడు. "నిజం చెప్తా, కోపం తెచ్చుకోకు. పోయినేడు నువ్వు బూటు గురించి చెప్తున్నప్పుడు నేను జనాన్ని చూశా. తింటున్నారు. బుగ్గలనిండా కుక్కుకుని తింటున్నారక్కా. మొదటి ఏడు గుర్తుందా? ఒక్కడు దవడ కదిపాడా?"

ఆమె ఫోర్కు ప్లేటులో పెట్టేసింది.

"నువ్వు బాగుపడ్డావు. దేవుడు చల్లగా చూశాడు. మొహంలో కళ వచ్చింది, కాస్త ఒళ్ళు చేశావు. బాగుపడ్డవాళ్ళని చూసి ఎవరేడుస్తారు, నువ్వే చెప్పు? నేను ఏడాదంతా తిరిగి చందాలు తెచ్చి ఈ పిల్లలకి ఏదో చెయ్యాలంటే, ఆ ఒక్కరోజు జనం గుండె కదలాలి. కదలకపోతే పిల్లలకే నష్టం." మూతి తుడుచుకుని లేచాడు. "ఒక సాయం చెయ్యి. ఆ రెనీటా నోరు విప్పడంలేదు. నువ్వెళ్ళి కాస్త తర్ఫీదు ఇయ్యి. ఎక్కడ ఆగాలో, ఎట్లా నిలబడాలో. నీకంటే బాగా ఎవరికి తెలుసు?"

అతను వెళ్ళిపోయాక వెర్లీన్ బాత్రూములో అద్దం ముందు నిలబడి తన బుగ్గలు చూసుకుంది. ఒళ్ళు చేసిన మాట నిజమే. పోయిన ఏడాది నుంచి నిద్ర పడుతోంది. ఒక్కోరోజు ఓరిన్ గుర్తుకురాకుండానే సాయంత్రమైపోతోంది. అదే ఇన్నాళ్ళూ దేవుణ్ణి అడుక్కుంది. ఇప్పుడు దొరికితే అదే దోషమైంది.

ఆ వారంలోనే రెనీటా ఇంటికెళ్ళింది. మనసులో మంచే ఉందని తనకి తను చెప్పుకుంటూనే మెట్లెక్కింది.

రెనీటాకి ముప్పై నాలుగేళ్ళుంటాయి. సన్నగా, ఎముకలు కనిపిస్తూ, మాసిన టీషర్టు వేసుకుని తలుపు తీసింది. వెర్లీన్‌ని చూడగానే ఎవరో చాలాకాలంగా రావాల్సినవాళ్ళు వచ్చినట్టు ఆమె భుజంమీద తల వాల్చేసింది. "మిస్ వెర్లీన్, మీరొస్తారని అనుకుంటూనే ఉన్నా. స్టేజీమీద మిమ్మల్ని ప్రతి ఏడూ చూశా. పోయినేడు మా ట్రే నా పక్కనే నిలబడి విన్నాడు."

"ఏడ్చాడా?" అని అడిగింది వెర్లీన్. నోరుజారి అడిగిందో, నిజంగా తెలుసుకోవాలని అడిగిందో.

"వాడా? వాడు చేపకోసం గోల చేస్తున్నాడు." రెనీటా నవ్వబోయింది. ఆ నవ్వు సగంలోనే ముక్కలైంది.

వంటింటి బల్ల దగ్గర కూర్చున్నారు. వెర్లీన్ ఆమెకి కాఫీ కలిపిచ్చింది. మైకు ఎలా పట్టుకోవాలో, పేర్లు మర్చిపోతే ఏం చెయ్యాలో చెప్పింది. రెనీటా వింటోంది గాని ఆ కళ్ళు ఇక్కడ లేవు. కాసేపటికి, "నేను మాట్లాడలేను. నాకు మాట్లాడే అర్హత లేదు," అంది.

"అట్లా అనకు బంగారం. ఏమైంది?"

"ఎవరికీ చెప్పనంటే చెప్తా."

"చెప్పను."

రెనీటా కాఫీ కప్పువైపే చూస్తూ చెప్పింది. ట్రే ఆ నెలంతా చీకటిపడ్డాకే ఇంటికొస్తున్నాడు. తిట్టింది, బతిమాలింది. ఇంకోసారి ఆలస్యం చేస్తే తలుపు తియ్యనంది. ఆ రోజు ఆలస్యంగా వచ్చాడు. తలుపు కొట్టాడు. "అమ్మా, సారీ, అమ్మా, తియ్యి," అన్నాడు. "విన్నాను మిస్ వెర్లీన్. విని టీవీ గొంతు పెంచా. కాసేపు మెట్లమీద కూర్చుంటే బుద్ధొస్తుందిలే అనుకున్నా. అంతలో కారొచ్చింది, అందులోంచి కాల్చారు. పక్కింటివాళ్ళకోసం వచ్చిందట. వాళ్ళ మెట్లేవో మా మెట్లేవో చూసుకోలేదు."

వెర్లీన్ లేచి ఆమె తలని తన కడుపుకి ఆనించుకుంది. ఆ జాలి నిజం. ఆ పిల్ల వెన్నుపూసలు చేతికి తగులుతుంటే ఆమెకి తన మొదటి వేసవి గుర్తొచ్చింది కూడా. ఇక్కడ ఒక్క మాట అంటే సరిపోయేది. ఇది నీలోనే దాచుకో తల్లీ, ఈ ఊరికి ఇవ్వకు, ఆ స్టేజీ ఎక్కకు, నీ పిల్లాణ్ణి వాళ్ళ నోట్లో పెట్టకు. ఆ మాట నాలుకమీదికి వచ్చింది.

అప్పుడే రెనీటా తలెత్తి అంది: "కౌన్సిలర్ గారు ముందు వరసలో నాకు కుర్చీ వేయిస్తానన్నారు. మీ పక్కన అనుకున్నా. కాదు, మీరు ఈసారి వెనక కూర్చుంటారన్నారు. నాకోసం ముందుకు జరగరా? ఒక్కదాన్నే భయం."

వెనక. మాబ్రీ ఆ సంగతి తనకి చెప్పనేలేదు.

వెర్లీన్ చెయ్యి ఆ పిల్ల తలమీద అలాగే ఉంది. నిమురుతూనే ఉంది. "ఇదే చెప్పు," అంది.

"ఏది?"

"తలుపు సంగతి. నాకు చెప్పినట్టే చెప్పు. లోపల దాచుకుంటే కుళ్ళిపోతావు. అక్కడున్నది నీ జనం, తల్లీ. నువ్వు నిజం చెప్తే నిన్ను గుండెల్లో పెట్టుకుంటారు. నీ బరువు దిగిపోతుంది."

"మా అత్తగారు ఉంటారక్కడ."

"ఆవిడకీ తెలియాలి కదా. క్షమిస్తుంది. చర్చిలో తెల్ల గ్లవుజులేసుకుని సేవ చేసే మనిషి, క్షమించదా?"

రెనీటా ఆమె చెయ్యి అందుకుని ముద్దుపెట్టుకుంది. వెర్లీన్ మెట్లు దిగింది. ఆ అత్తగారు, యూలా కాబ్, ఆమెకి బాగా తెలుసు. ట్రే తండ్రి పోయాక ఆ పిల్లాణ్ణి సగం పెంచింది యూలానే. మనవడిమీద ప్రాణం పెట్టుకున్న ఆ మనిషి ఎవరిని క్షమిస్తుందో ఎవరిని క్షమించదో వెర్లీన్‌కి తెలియనిదేం కాదు. వెనక్కి తిరిగి వెళ్ళి తలుపు తట్టి, వద్దులే అని చెప్పడానికి ఇంకా చాలా రోజులున్నాయి. ఏ రోజూ వెళ్ళలేదు.

యువజనోత్సవం రోజు ఎండ మండిపోయింది. అయినా జనం వచ్చారు. మాబ్రీ తెల్ల చొక్కా చెమటకి తడిసి ఒంటికి అంటుకుపోయింది. పిల్లలకి బ్యాగులు పంచాడు, ఫొటోలు దిగాడు, ఈ ఏడు వార్డులో ఎంతమంది పిల్లలు ఈత నేర్చుకున్నారో, కోర్టుకి కొత్త దీపాలెలా వచ్చాయో గొంతెత్తి చెప్పాడు. ఫైనల్ ఆట అయ్యాక కప్పు తెచ్చి బల్లమీద పెట్టారు. దానిమీద ట్రే పేరు కొత్తగా మెరుస్తోంది. వెర్లీన్ వెనక వరసలో, చేపలు వేయించే పొగ మొహాన కొడుతుంటే, ఊదారంగు గౌనులో కూర్చుంది.

రెనీటా మైకు రెండు చేతులతో పట్టుకుంది. వెర్లీన్ నేర్పినట్టే.

"మా వాడు ట్రే," అని మొదలుపెట్టింది.

"చెప్పమ్మా!" అన్నారు జనంలోంచి.

వాడు పాడే పాటల గురించి చెప్పింది, పాలు డబ్బాతోనే ఎత్తి తాగే అలవాటు గురించి చెప్పింది. ఆడవాళ్ళు కళ్ళొత్తుకున్నారు. "దేవుడున్నాడు, చెప్పు తల్లీ!" అన్నారు. మాబ్రీ చేతులు కట్టుకుని తల పంకిస్తున్నాడు. ఒక్కడూ తినడంలేదు. అక్కడ ఆపేస్తే సరిపోయేది.

రెనీటా జనం మధ్యలో వెర్లీన్‌కోసం వెతికింది. కనిపించింది. వెర్లీన్ తలూపింది.

"ఆ రోజు వాడు తలుపు కొట్టాడు," అంది రెనీటా.

చెప్పడం పూర్తయ్యేసరికి పార్కులో పొయ్యిమీద నూనె చిటపటలు తప్ప ఏమీ వినిపించడంలేదు. ముందు వరసలోంచి యూలా కాబ్ లేచి నిలబడింది. డెబ్బై ఏళ్ళ మనిషి, తెల్ల టోపీ పెట్టుకుంది.

"కొట్టాడా?" అంది.

"అత్తమ్మా..."

"వాడు తలుపు కొట్టాడా అని అడుగుతున్నా."

"కొట్టాడు."

"నువ్వు విన్నావా?"

"విన్నా."

"ఏమన్నాడు?"

రెనీటా పెదవులు కదిలాయి. మైకు దగ్గరగా ఉండబట్టి ఆ చిన్న గొంతు అందరికీ వినిపించింది. "సారీ అమ్మా అన్నాడు."

యూలా నోటినుంచి వచ్చిన అరుపు మనిషి అరుపులా లేదు. "నీ టీవీ మండిపోను! నా బిడ్డ సారీ చెప్తుంటే టీవీ చూస్తావా! నా దగ్గరకి పంపించకపోయావా, నీ గడప తొక్కించుకోకపోతే నా గడప లేదా వాడికి!" ఎవరో పట్టుకున్నారు. ఇంకెవరో, "దించండి దాన్ని!" అని అరిచారు. ఒక కుర్రాడు గట్టిగా నవ్వాడు. ఎందుకు నవ్వాడో వాడికీ తెలియదు. చాలామంది చేతుల్లో ఫోన్లు లేచాయి.

మాబ్రీ రెండంగల్లో మైకు లాక్కున్నాడు. ఒక్క క్షణం అతని మొహం ఖాళీగా కనిపించింది. తర్వాత గొంతు దానంతటదే దొరికింది. "ఇదీ మనం మాట్లాడుకోవాల్సిన సంగతి! ఇళ్ళల్లో తలుపులు మూసుకుపోతున్నాయి. అందుకే కదా నేను పిల్లలకి ఈ పార్కు తలుపులు తెరిచింది! తల్లితండ్రులు బాధ్యత మరిచిపోతే కౌన్సిలర్ ఎంతని చేస్తాడు?" కొందరు అవునన్నారు. రెనీటా ఇంకా అక్కడే నిలబడి ఉంది. అతను మోచేత్తో ఆమెని పక్కకి జరిపి, "ఒక తల్లి అంటే ఎలా ఉండాలో మనకి తెలుసు. సిస్టర్ వెర్లీన్, రండి పైకి!" అని పిలిచాడు.

జనం దారిచ్చారు. వెర్లీన్ స్టేజీ మెట్లెక్కుతుంటే రెనీటా దిగుతోంది. ఇద్దరి భుజాలూ రాసుకున్నాయి. రెనీటా ఏదో ఆసరా దొరుకుతుందన్నట్టు చెయ్యి చాపింది. వెర్లీన్ రెండు చేతులూ అప్పటికే మైకుకోసం చాచి ఉన్నాయి.

ఆ రోజు మాట్లాడినంత బాగా ఆమె ఎప్పుడూ మాట్లాడలేదు. బూటు దగ్గర ఆగింది. కన్నీళ్ళు వాటంతటవే వచ్చాయి, అవి ఎవరికోసమో ఎవరూ అడగలేదు. జనం లేచి నిలబడ్డారు. మాబ్రీ కప్పుమీద ట్రే పేరుకి అడ్డంగా ఎవరో ఇచ్చిన టేపు అంటించి, "ఓరిన్ ఓక్స్ కప్పు!" అని ప్రకటించాడు. గెలిచిన కుర్రాళ్ళు దాన్ని నెత్తిమీదికెత్తి గంతులేశారు.

తర్వాత అతను వెర్లీన్‌కి ప్లేటు తనే తెచ్చిచ్చాడు. "బతికించావక్కా. నేను నీ గురించి తొందరపడ్డా. ఇంకో రెండేళ్ళు లాగొచ్చు నువ్వు." స్టేజీ వెనక రెనీటా నేలమీద కూర్చుని ఉంది. ఆమె చుట్టూ కుర్చీలు మడిచేవాళ్ళు, ఆమె కాళ్ళు తొక్కకుండా జాగ్రత్తగా దాటుకుంటూ, ఒక్క మాటైనా అనకుండా పని చేసుకుంటున్నారు. వెర్లీన్ అటు చూసి, ప్లేటు పట్టుకుని ఇంకో దారిన వెళ్ళింది.

ఆ వీడియో ఊరంతా తిరిగింది. వీధిలో పిల్లలకి కొత్త ఆట దొరికింది. రెనీటా ఇంటి మెట్లెక్కి తలుపు కొట్టి, "సారీ అమ్మా, తియ్యి!" అని అరిచి పారిపోయేవారు. ఆమె ప్రతిసారీ తలుపు తీసేదట. ఆట అని తెలిసీ తీసేదట. పక్కింటావిడ ఇది చర్చి మెట్లమీద నవ్వుతూ చెప్పింది, వెర్లీన్ విన్నది. నవ్వలేదు. ఊరుకోమనీ అనలేదు.

సెప్టెంబరు నెలాఖరున రెనీటా వెర్లీన్ ఇంటికొచ్చింది. వీధి చివర ఎవరిదో కారు, లోపల పెట్టెలు. లిటిల్‌రాక్‌లో ఉన్న అక్క దగ్గరికి వెళ్ళిపోతోంది. తలుపు దగ్గర ఆమెని చూడగానే వెర్లీన్ మొహం పాలిపోయింది. తెలిసిపోయిందనుకుంది. తిట్టించుకోడానికి సిద్ధపడింది. ఒక రకంగా, తిడితే బాగుండుననుకుంది.

"వెళ్ళే ముందు మీకో మాట చెప్పాలని వచ్చా మిస్ వెర్లీన్," అంది రెనీటా. ఇంకా చిక్కిపోయింది. "అందరూ నన్ను అసహ్యించుకుంటున్నారు. నిజమే, తగినదాన్నే. కానీ మీరొక్కరే నన్ను మనిషిలా చూశారు. నిజం చెప్పమన్నారు. చెప్పి ఉండకపోతే నేను ఈపాటికి చచ్చిపోయేదాన్ని. మీ మేలు మర్చిపోను."

వెర్లీన్ నోరు తెరిచింది. ఏదో అనాలి. "ఏముందిలే తల్లీ," అంది చివరికి.

రెనీటా సంచిలోంచి పూల గుత్తి తీసింది. పట్టుతో చేసిన నీలం పూలు. "ట్రేకి నీలం అంటే ఇష్టం. మా అత్తగారు నన్ను సమాధి దగ్గరికి రానివ్వడంలేదు. రెండుసార్లు వెళ్తే తరిమేసింది. మీ ఓరిన్ కూడా అక్కడేగా. ఎప్పుడైనా వెళ్ళినప్పుడు ఇవి వాడి దగ్గర పెడతారా? వాళ్ళమ్మ పంపిందని చెప్పండి వాడితో. గట్టిగా అక్కర్లేదు, మెల్లగా చెప్పినా చాలు."

"పెడతా," అంది వెర్లీన్.

పూలు వంటింట్లో ఫ్రిజ్‌మీద ఉండిపోయాయి. పారెయ్యబోయింది, చేతులు రాలేదు. అక్టోబరులో ఒక ఆదివారం చర్చి నుంచి సరాసరి శ్మశానానికి తీసుకెళ్ళింది. ఓరిన్ దగ్గరికి వచ్చి ఎన్నాళ్ళయిందో ఆమెకే గుర్తులేదు. వాడి రాయి కనిపెట్టడానికి కాసేపు తిరగాల్సొచ్చింది. ట్రేది మాత్రం సులభంగానే దొరికింది. ఇంకా రాయి పెట్టలేదు, కొత్త మట్టి. అక్కడ యూలా కాబ్ మోకాళ్ళమీద కూర్చుని కలుపు పీకుతోంది.

వెనక్కి తిరగబోయింది వెర్లీన్. ముసలావిడ చూడనే చూసింది.

"ఎవరది? చెల్లీ, నువ్వా!" మట్టి చేతులతోనే లేచి వచ్చి వెర్లీన్‌ని కావలించుకుంది. "నువ్వొక్కదానివే తల్లివి చెల్లీ ఆ రోజు అక్కడ. ఆ పాపిష్టిదాని మాటలు విన్నాక నీ మాట వింటే నాకు ఊపిరొచ్చింది. నా బిడ్డకి నీలాంటి అమ్మ ఉండి ఉంటే..." ఏడ్చింది. తర్వాత వెర్లీన్ చేతిలోవి చూసి కళ్ళు తుడుచుకుంది. "నీలం పూలు! వాడికి నీలం ఇష్టమని నీకెవరు చెప్పారు? ఎవరు పంపారివి?"

రెనీటా పేరు చెప్తే ముసలిది వాటిని తీసి ముళ్ళకంచె అవతల పారేస్తుంది. అది నిజమే. పూలయినా బిడ్డ దగ్గర ఉండాలి కదా అని ఆ తర్వాత చాలారోజులు వెర్లీన్ తనకి తను చెప్పుకుంది. కానీ ఆ నిమిషంలో ఆమె ఆలోచించింది అది కాదు. ఆ ముసలి చేతులు ఇంకా తన భుజాలమీదే ఉన్నాయి, వెచ్చగా ఉన్నాయి, అవి తీసేస్తారేమోనని మాత్రమే ఆలోచించింది.

"ఎవరూ పంపలేదక్కా," అంది. "నేనే తెచ్చా."